పోయినవాళ్ల ఫోటోలు, గొంతులు, ఫోన్లు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

పోయినవాళ్ల బొమ్మలు గీయడం, పాత ఫోటోలు బాగుచేయడం మా పని. ఫోటో కోసం వచ్చినవాళ్లు కాసేపు కూర్చున్నాక అసలు సందేహాలు ఒక్కొక్కటీ బయటపెడతారు. సిమ్ ఏం చేయాలి, లైవ్ పెట్టొచ్చా, ఆయన గొంతుని ఏఐతో మళ్లీ తెప్పిస్తారట కదా అని. ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్లండి. నా సలహాలన్నిటి వెనకా ఉన్న మాట ఒక్కటే: ముందు ఉన్నది ఉన్నట్టు దాచండి. మార్చడం, తీసేయడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

## మొదటి రెండు మూడు రోజులు

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, టైముకి రాలేడు. అంత్యక్రియలు లైవ్ పెడితే తప్పా?

తప్పేం లేదు. రాలేని కొడుక్కి చివరి చూపు దక్కడానికి మిగిలిన దారి అదే. అయితే ఫోన్ ఎవరు పట్టుకోవాలో ముందే అనుకోండి. సొంత కూతురికో తమ్ముడికో ఆ పని అప్పగించకండి, వాళ్లని ఏడవనివ్వాలి. పక్కింటి కుర్రాడో, ఆఫీసు స్నేహితుడో అయితే నయం.

యూట్యూబ్ లైవ్ అప్పటికప్పుడు కుదరదు. కొత్త ఛానల్‌లో లైవ్ మొదలవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ఫోన్ నుంచి పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. చూసేవాళ్లు కొద్దిమందే అయితే వాట్సాప్ వీడియో కాల్ చాలు, అందులో 32 మంది పడతారు. ఎక్కువమందైతే గూగుల్ మీట్ పెట్టండి. ఉచిత అకౌంట్‌లో గ్రూప్ కాల్ 60 నిమిషాలకు ఆగిపోతుంది కాబట్టి రెండో లింకు తయారు చేసి ముందే పంపించండి.

మనకి పొద్దున్న పదకొండు గంటలంటే న్యూయార్క్‌లో వేసవిలో రాత్రి ఒకటిన్నర, చలికాలంలో పన్నెండున్నర. ఆ వేళలో మీ అబ్బాయి గదిలో ఒక్కడే కూర్చుని చూడకూడదు. అక్కడ ఉన్న స్నేహితుల్లో ఎవరినైనా వెళ్లి పక్కన కూర్చోమని చెప్పండి. పాడె లేపేముందు ఒక్క నిమిషం ఫోన్‌ని నాన్నగారి చెవి దగ్గర పెట్టి అబ్బాయిని మాట్లాడనివ్వండి. చితి దగ్గర వీడియో ఉంచాలా ఆపాలా అన్నది అతన్నే అడగండి.

వాట్సాప్ స్టేటస్ ఎప్పుడు పెట్టాలి?

ఫోన్ చేసి చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పాక. అక్కచెల్లెళ్లకి, మేనత్తలకి, చిన్ననాటి స్నేహితులకి ఆ కబురు మనిషి గొంతులో వినే హక్కు ఉంది. మీరు పెట్టకపోయినా ఇంకెవరో పెట్టేస్తారు కాబట్టి, మొదటి గంటలోనే ఇంట్లో ఒకరు ‘మేం చెప్పేదాకా ఎవరూ స్టేటస్ పెట్టొద్దు’ అని ఫ్యామిలీ గ్రూపులో ఒక మాట వేయండి.

చనిపోయాక ముఖం ఫోటో తీయొచ్చా? అశుభం అంటున్నారు.

కెమెరాలు అరుదుగా ఉన్న రోజుల్లో చాలా ఇళ్లలో తాతగారి ఏకైక ఫోటో, ప్రాణం పోయాక స్టూడియో ఆయన్ని పిలిపించి తీయించిందే. కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్నవి నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. వాటిని అశుభమని ఎవరూ పారేయలేదు. తీయండి, తీసి దాచండి. ఫ్రీజర్ బాక్స్‌లో ఉన్న ముఖాన్ని గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. చూడాలా వద్దా అని నిర్ణయించుకునే అవకాశం అవతలివాళ్లకి లేకుండా పోతుంది.

అస్థికలు సముద్రంలో కలిపేటప్పుడు డ్రోన్‌తో తీయించాలని ఉంది.

విశాఖలో ఆ ఆలోచన మానుకోండి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం, ఊళ్లోని విమానాశ్రయం కూడా నేవీదే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లు నిషిద్ధమైన చోట, కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఫోటోగ్రాఫర్ ‘ఏం కాదండీ’ అన్నా కేసు మీ కుటుంబం మీద కూడా పడొచ్చు. ఒడ్డు మీద నుంచి ఒకరు ఫోన్‌తో తీస్తే చాలు.

## పెద్దకర్మ లోపు

దండ వేయడానికి మంచి ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీదదే ఉంది. ఏం చేయాలి?

ఆధార్ ఫోటోతో మొదలుపెట్టకండి. అది చిన్నది, పైగా ఆ ముఖంలో మనిషి ఉండరు. ముందు పెళ్లి ఆల్బమ్‌లు వెతకండి. మేనకోడలి పెళ్లిలో భోజనాల దగ్గరో, గృహప్రవేశంలో పీటల మీదో తీసిన దాంట్లో ఆయన తప్పకుండా ఉంటారు. బంధువులందరికీ మెసేజ్ పెట్టి, తమ దగ్గరున్న ఫోటోని మామూలుగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. పేపర్ ఫోటో అయితే ఫోన్‌తో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయించండి.

12×18 అంగుళాల ఫ్రేముకి 1800×2700 పిక్సెళ్లు ఉంటే గోడ మీద బాగానే కనిపిస్తుంది. గదికి అవతల నుంచి చూసేదానికి అంతకంటే అక్కర్లేదు. అదీ లేకపోతే సైజు తగ్గించండి. ఎనిమిది అంగుళాల ఫ్రేములో తేటగా ఉన్న ముఖం, పెద్ద ఫ్రేములో మసకగా ఉన్న ముఖం కంటే మేలు.

ఏ ఫోటో కుదరకపోతే బొమ్మ గీయించండి. చిత్రకారుడు నాలుగు పాత ఫోటోలు ముందు పెట్టుకుని, ఒకదాంట్లోంచి కళ్లు, ఇంకోదాంట్లోంచి తలకట్టు తీసుకుని ముఖాన్ని కూర్చగలడు. గీసేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని ‘నవ్వితే ఇటువైపే పెదవి లేచేది’ అని చెప్పాలి. ఆ మాటలు చెబుతూ చెబుతూనే చాలామంది మొదటిసారి మనసు విప్పి ఏడుస్తారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనది ఆ గంటే.

యాప్‌లో వేస్తే ఫోటో తళతళలాడుతూ వచ్చింది, కానీ మా అమ్మలా లేదు. ఎందుకు?

ఎందుకంటే ఆ వివరాలు మీ ఫోటోలో లేవు. మసకగా ఉన్నచోట ఏముండాలో ఆ ప్రోగ్రాం లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న అంచనాతో నింపేస్తుంది. కనురెప్పలు, పళ్లు, చర్మం అన్నీ ఇంకెవరెవరివో కలిసిన సగటు. అందుకే చూడగానే బాగుంటుంది, కాసేపు చూస్తే పరాయి మనిషిలా అనిపిస్తుంది.

మన వైపు పెద్దవాళ్ల ముఖాలకి ఇది మరీ అన్యాయం చేస్తుంది. గడ్డం మీద పచ్చబొట్టుని మచ్చ అనుకుని తుడిచేస్తుంది. ఏళ్ల తరబడి అడ్డపొగ (చుట్ట మండే కొన నోట్లో పెట్టుకుని) తాగిన మామ్మ పెదాలని గులాబీ రంగు చేసేస్తుంది. ముక్కుపుడక బరువుకి సాగిన ముక్కుని సరిచేస్తుంది. ఆ సాగిన ముక్కే కదా మామ్మ అంటే! గీతలు, తేమ మరకలు, చిరిగిన అంచులు యాప్‌తో తీయించుకోండి. ముఖం జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఏం చేసినా అసలు స్కాన్‌ని వేరే ఫోల్డర్‌లో, ‘అసలు’ అని పేరు పెట్టి ఉంచండి. పదేళ్ల తర్వాత మనవలకి ఏది అసలో తెలియాలి.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి రంగులు వేయించొచ్చా?

వేయించండి, కానీ చీర రంగు యాప్‌ని అడక్కండి, పెద్దమ్మని అడగండి. యాప్‌కి తెలిసేది బూడిద రంగు ఎంత ముదురు అన్నదొక్కటే.

వీధి చివర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేయించకపోతే బాగోదంటున్నారు.

వేయించకపోయినా ఏ లోటూ ఉండదు. ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామన్న ప్రకటన 2022 ఆగస్టులో మన విశాఖలోనే వెలువడింది. తప్పదనుకుంటే గుడ్డ బ్యానర్ అడగండి. పెద్దకర్మ అయిన మర్నాడే దింపించండి, నాన్నగారి ముఖం కాలువలో పడి ఉండటం మీరు చూడకూడదు. దాని మీద ఫోన్ నంబర్లు, ఇంటి నంబరు వేయకండి, మోసగాళ్లు ఇలాంటి ఇళ్లకే ఫోన్లు చేస్తారు.

పెద్దకర్మ రోజు స్క్రీన్ మీద వీడియో వేద్దామనుకుంటున్నాం. ఏ పాట పెట్టాలి?

ఆయన గొంతు దొరికితే పాట అవసరం లేదు. మనవరాలితో ఆడుకుంటూ మాట్లాడిన పది సెకన్లు చాలు. మొత్తం ఐదు నిమిషాలు దాటనివ్వకండి. ముందురోజు అమ్మకి ఒంటరిగా చూపించండి, అందరి మధ్యా హఠాత్తుగా చూడటం ఆమెకి చాలా కష్టం. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే కాపీరైట్ కింద ఆగిపోవచ్చు.

## తర్వాతి నెలలు: ఫోన్, అకౌంట్లు

నాన్న సిమ్ ఎప్పుడు ఆపేయాలి?

తొందరపడకండి. బ్యాంకు, గ్యాస్, పెన్షన్, ఇన్సూరెన్స్ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. ముందు జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) మరణాన్ని నమోదు చేయించండి. చట్టం ప్రకారం 21 రోజుల్లోపు చేయాలి, దాటితే రుసుము, అదనపు కాగితాలు అడుగుతారు. ఆ సర్టిఫికెట్‌తో నంబరుని కుటుంబంలో ఒకరి పేరు మీదికి మార్పించుకోవచ్చు. రీఛార్జ్ మానేస్తే నంబరు ఆగిపోతుంది, ఆగిపోయిన నంబరుని 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు ‘నాన్న’ అని సేవ్ చేసుకున్న పేరు పక్కన ఎవరో తెలియని కుర్రాడి ఫోటో వస్తుంది. అది చూసి కుప్పకూలినవాళ్లు ఉన్నారు.

ఒక జాగ్రత్త. ఓటీపీ వస్తోంది కదా అని ఆయన యూపీఐ నుంచి డబ్బు తీయకండి. నామినీగానో వారసులుగానో క్లెయిమ్ పెట్టుకోవడమే పద్ధతి.

వాట్సాప్‌లో ఆయన వాయిస్ మెసేజ్‌లు ఎలా కాపాడుకోవాలి?

ఈ ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. ఆయన మీకు పంపిన గొంతు ఆయన ఫోన్‌లోనే కాదు, మీ ఫోన్‌లోనూ ఉంది. కాబట్టి లాక్ తెలియకపోయినా పర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఫైల్స్ యాప్ తెరిచి, వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో ‘వాట్సాప్ వాయిస్ నోట్స్’ చూడండి. వారానికొక ఫోల్డర్ ఉంటుంది, ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. మొత్తం ఫోల్డర్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అందులో అందరి గొంతులూ కలిసిపోయి ఉంటాయి, ఆయనవి తర్వాత తీరిగ్గా వేరు చేసుకోవచ్చు. ఐఫోన్‌లో ఆ చాట్ తెరిచి మీడియాతో సహా ‘ఎక్స్‌పోర్ట్’ చేయండి. చాట్ మరీ పెద్దదైతే బాగా పాత మెసేజ్‌లు అందులో రావు, వాటిని విడిగా పంపించుకోవాలి.

మెసేజ్‌కి స్టార్ పెట్టుకుంటే భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. స్టార్ గుర్తు మాత్రమే, ఫోన్ పోతే అదీ పోతుంది.

ఆయన వాట్సాప్ సంగతి చెప్పాలంటే, 120 రోజులు వాడకుండా ఉంటే సాధారణంగా అకౌంట్ తొలగిపోతుంది. ఫ్యామిలీ గ్రూపులోంచి ఆయన పేరు కూడా వెళ్లిపోతుంది. మీ ఫోన్‌లో ఉన్న పాత మెసేజ్‌లకి ఏమీ కాదు. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పండి.

‘పాలు తెచ్చావా’, ‘కాంప్లెక్స్ దగ్గర దిగాక ఫోన్ చెయ్యి’ లాంటివి అనవసరమని తీసేయకండి. ఏడాది తిరిగాక మీరు వెతుక్కునేది వాటినే.

ఫేస్‌బుక్ అకౌంట్ మూసేయాలా, ఉంచాలా?

రెండు దారులున్నాయి. మరణ ధ్రువీకరణ చూపించి దగ్గరి బంధువులు పూర్తిగా తీసేయించవచ్చు. లేదా ‘మెమోరియల్’గా మార్పించవచ్చు. అప్పుడు పేరు దగ్గర ‘రిమెంబరింగ్’ అని వస్తుంది, పుట్టినరోజు నోటిఫికేషన్లు ఆగిపోతాయి, పాస్‌వర్డ్ తెలిసినా ఇంకెవరూ లాగిన్ అవ్వలేరు. మొదటి ఏడాది తీసేయవద్దని నా మాట. తీసేసినది తిరిగి రాదు, స్నేహితులు ఆ గోడ మీద రాసిన జ్ఞాపకాలూ దాంతోపాటే పోతాయి.

ఫోన్ లాక్ తెలీదు. రిపేర్ షాపులో తీయిస్తామంటున్నారు.

చాలాసార్లు వాళ్లు చేసేది రీసెట్. లాక్ పోతుంది, లోపలున్న ఫోటోలూ పోతాయి. మీరు కూడా అదేపనిగా నంబర్లు కొట్టకండి. ఐఫోన్‌లో ఆ సెట్టింగ్ ఉంటే పది తప్పు ప్రయత్నాలకి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఫోన్‌ని ఛార్జింగ్‌లో ఉంచి, ఆయన జీమెయిల్ ఇంట్లో కంప్యూటర్‌లో గానీ ట్యాబ్‌లో గానీ తెరిచి ఉందేమో చూడండి, ఫోటోలు అక్కడే దొరకొచ్చు. దొరక్కపోతే చనిపోయినవారి అకౌంట్ గురించి గూగుల్‌కి అర్జీ పెట్టుకునే ఫారం ఉంది. ఇస్తామని వాళ్లు హామీ ఇవ్వరు, అయినా పెట్టండి.

ఫోన్ తనంతట తానే ‘మెమరీస్’ అని ఆయన ఫోటోలు చూపిస్తోంది. తట్టుకోలేకపోతున్నాను.

గూగుల్ ఫోటోస్ సెట్టింగ్స్‌లో మెమరీస్ దగ్గర ఒక మనిషిని గానీ కొన్ని తేదీలని గానీ దాచే వీలుంది. ఫేస్‌బుక్‌లోనూ ఉంది. దాస్తే ఫోటో చెరిగిపోదు, పిలవకుండా రావడం మాత్రమే ఆగుతుంది. దీనికి అపరాధం అనుకోవలసిన పని లేదు.

సముద్రం మీదికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఫోటోకి దండ వేయాలా?

జాలారిపేట లాంటి మత్స్యకారుల వాడల్లో ఈ ప్రశ్నకి ఇంట్లోనే ఇద్దరు రెండు జవాబులు చెబుతారు. తల్లి వద్దంటే వేయకండి. దండా, నల్ల అంచూ లేకుండా, వాడు నవ్వుతున్న ఫోటో ఒకటి గోడకి పెట్టండి. బొమ్మ గీయమని వస్తే నేనూ దీపం, పూలు లేకుండానే గీస్తాను. కబురు తెలియని మనిషిని ఏడేళ్ల తర్వాతే చనిపోయినట్టు భావించడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఇల్లు కూడా అంతకాలం ఎదురుచూస్తే ఎవరూ తొందరపెట్టకూడదు. వాడి ఫేస్‌బుక్‌ని మెమోరియల్ చేయించమని బయటివాళ్లు అర్జీలు పెట్టకుండా స్నేహితులకి చెప్పండి.

## ఏఐ గొంతు, ఏఐ బొమ్మ

నాన్న గొంతుతో మాట్లాడే ఏఐ చేయించుకోవచ్చా?

చేయడం ఇప్పుడు కష్టం కాదు. 2015లో స్నేహితుడు ప్రమాదంలో పోతే, యూజీనియా కూయ్‌డా అనే ఆమె అతని పాత మెసేజ్‌ల ఆధారంగా అతనిలా జవాబిచ్చే బాట్ (చాట్ ప్రోగ్రాం) తయారుచేసింది. 2020లో దక్షిణ కొరియా టీవీ ఛానల్ ఒకటి, చనిపోయిన కూతురి రూపాన్ని వీఆర్‌లో (కళ్లజోడులా తగిలించుకునే తెరలో) తల్లికి చూపించింది. ఆ తల్లి చేయి చాపి పాపని తాకబోయిన దృశ్యం చూసి కొందరు కరిగిపోయారు, కొందరు ఇది క్రూరం అన్నారు.

మన దగ్గరా ఈ చర్చ వచ్చింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతుని తమ అనుమతి లేకుండా ఏఐతో ఒక తెలుగు సినిమాలో వాడారని 2024లో ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. పోయినవారి గొంతు ఎవరిది అన్న ప్రశ్న మన ఇళ్లలోకీ వచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆయన నిజంగా అన్న మాటలు ఎన్నిసార్లైనా వినండి. గరగరలు తీయించి శుభ్రం చేయించుకోండి. ఆయన ఎన్నడూ అనని మాటలు ఆయన గొంతుతో చెప్పించకండి. ‘నిన్ను క్షమించానమ్మా’ అని ఆ యంత్రం అంటే ఆ క్షణం గుండె తేలికవుతుంది, కానీ అన్నది ఆయన కాదని మీకు తెలుసు. రేపు ఆ కంపెనీ మూతపడినా, చందా పెంచినా ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టవుతుంది. ఎంత ఆరాటంగా ఉన్నా ఏడూడి (సంవత్సరీకం) అయ్యేదాకా ఆగండి. ఆ తర్వాత కూడా అమ్మ, తోబుట్టువులు అందరూ సరే అంటేనే ముందుకెళ్లండి. ఒక్కరు వద్దన్నా వద్దు.

ఆరేళ్ల మనవడికి తాతయ్య వీడియోలు చూపించొచ్చా?

చూపించండి. ముందు ‘తాతయ్య చనిపోయారు, ఇది అప్పుడు తీసిన వీడియో’ అని స్పష్టంగా చెప్పండి. ‘ఫోన్‌లో ఉన్నారు’, ‘ఊరెళ్లారు’ అంటే పిల్లలు నిజంగానే ఎదురుచూస్తారు.

నెలలు గడిచినా అమ్మ రోజంతా ఆ వీడియోలే చూస్తోంది. తిండి కూడా తినడం లేదు.

చూడటం తప్పు కాదు. తిండి, నిద్ర, మనుషులతో మాట అన్నీ ఆగిపోతే మాత్రం సాయం కావాలి. తగ్గని దుఃఖాన్ని వైద్యులు ఇప్పుడు చికిత్స ఉన్న సమస్యగానే చూస్తున్నారు. టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఫోన్ లాక్కోకండి, పక్కన కూర్చుని ఆమెతో కలిసి చూడండి.

## ఏళ్ల తరబడి నిలవాలంటే

అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టేశాం. చాలదా?

చాలదు. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి ఊరి బయట ఉండాలి. ఇది లెక్క కోసం చెప్పే మాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆల్బమ్, సీడీ, హార్డ్‌డిస్క్ ఒకే బీరువాలో ఉన్న ఇళ్లలో మూడూ ఒకేసారి తడిశాయి. ఒక కాపీ హైదరాబాద్‌లో చెల్లి దగ్గర ఉంచండి. క్లౌడ్‌లో పెడితే రెండేళ్లు ఎవరూ తెరవని అకౌంట్‌ని గూగుల్ తొలగించవచ్చని గుర్తుంచుకోండి.

మన సముద్రపు గాలికి పేపర్ ఫోటోలు బూజు పడతాయి, అద్దానికి అతుక్కుంటాయి. అతుక్కున్న దాన్ని పీకకండి, అద్దంతో సహా స్కాన్ చేయించండి.

సమాధి మీద క్యూఆర్ కోడ్ పెట్టిస్తే ఎలా ఉంటుంది?

పెట్టించుకోవచ్చు, కానీ క్యూఆర్‌లో ఉండేది చిరునామా మాత్రమే. ఆ పేజీకి డబ్బు కట్టడం ఆగిన రోజున కోడ్ ఉంటుంది, తెరిస్తే ఏమీ రాదు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల రాళ్ల మీద అక్షరాలు ఉప్పుగాలిని తట్టుకుని శతాబ్దాలుగా ఉన్నాయి. అందుకే పేరు, తేదీలు, ఆయన గురించి ఒక్క వాక్యం రాయి మీదే చెక్కించండి. కోడ్ అదనంగా ఉండనివ్వండి.

మా ఇంట్లో ఫోటోలు పెట్టుకునే ఆచారం లేదు. గుర్తుగా ఏం ఉంచుకోవాలి?

చేతిరాత దాచండి. పద్దుల పుస్తకం, వంట చీటీ, మందుల డబ్బా మీద రాసిన పేరు అయినా సరే. అమ్మ పాత చీరలతో బొంత కుట్టించండి, పిల్లలు కప్పుకుని పడుకుంటారు.

నాకు రాయడం రాదు. అయినా ఆయన గురించి ఏదో రాయాలని ఉంది.

మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ తన తొలి పెద్ద సంపుటిని చనిపోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకి అంకితమిస్తూ ఒక కవిత రాశారు. ఈనాటికీ ఆ మిత్రుడిని తెలుగువాళ్లు తలుచుకుంటున్నది దానివల్లే. మీది కవిత కానక్కర్లేదు. నిద్రలేచి ఏం చేసేవారు, ఎవరిని ఏమని పిలిచేవారు, దేనికి కోప్పడేవారు, ఇవి రాయండి. ‘మంచి మనిషి’ అని రాయకండి, ఏం చేస్తే మంచి మనిషి అయ్యారో రాయండి.

## బతికుండగానే

నా తర్వాత నా అకౌంట్లు ఎవరు చూడాలో ఇప్పుడే చెప్పి పెట్టొచ్చా?

చెప్పొచ్చు, ఒక సాయంత్రం పని. గూగుల్‌లో ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ ఉంది. మీరు 3 నుంచి 18 నెలల మధ్య పెట్టుకున్న గడువు వరకు అకౌంట్ వాడకపోతే, మీరు రాసిన పది మంది దాకా కబురు వెళ్తుంది, ఎవరికి ఏది ఇవ్వాలో మీ ఇష్టం. ఐఫోన్‌లో ‘లెగసీ కాంటాక్ట్’గా ఐదుగురిని పెట్టుకోవచ్చు. వాళ్లకి యాక్సెస్ కీ, మరణ ధ్రువపత్రం రెండూ కావాలి. ఫేస్‌బుక్‌లో ఒక్కరినే పెట్టగలరు, ఆ ఒక్కరు కూడా మీ మెసేజ్‌లు చదవలేరు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ నామినీని పెట్టుకునే హక్కు ఉంది. ఎవరిని పెట్టారో వాళ్లకి నోటితో కూడా చెప్పండి.

అమ్మ గొంతు రికార్డ్ చేద్దామంటే ‘నేనేమన్నా పోతున్నానా’ అని కోప్పడుతోంది.

రికార్డింగ్ అనే మాట పక్కన పెట్టి పని అడగండి. ‘చేపల పులుసులో చింతపండు ఎంత వేస్తావు, మనవరాలికి పంపాలి’ అనండి. వంట నుంచి పుట్టిల్లు, అక్కడి నుంచి పెళ్లి, ఆమే వెళ్తుంది. ఇలా తీస్తున్నానని మాత్రం చెప్పి తీయండి, దొంగతనంగా వద్దు. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని గుడ్డ మీద పెట్టి, ఇరవై నిమిషాల్లో ముగించండి. మధ్యలో సరిదిద్దకండి, తప్పు చెప్పినా చెప్పనివ్వండి. అయ్యాక ఆమెకే వినిపించండి. చాలామంది అమ్మలు ‘ఇంకోటి చెప్తానుండు’ అంటారు. ఫైలుకి తేదీ, ఏ సంగతో రాసి పేరు పెట్టి, అదే రాత్రి ఒక కాపీ అన్నకో చెల్లికో పంపించేయండి.